స్టీరింగ్ కాలమ్ బుష్‌లు మరీ బిగువు: షాఫ్ట్ దిగడం లేదు, బోరు (లోపలి రంధ్రం) అరగదీయమంటారా?

గుణుపురం_గ్యారేజి (గుణుపురం, రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక షెడ్డులో లోటస్ సెవెన్ అనే ఇంగ్లండు స్పోర్ట్స్ కారు తరహా రెండు సీట్ల బండి కడుతున్న సంగతి ఇక్కడి పాతవాళ్లకు తెలుసు. చాసిస్ చదరపు పైపులతో ఊళ్లోనే వెల్డింగ్ చేయించి, విశాఖలో పౌడర్ కోటింగ్ వేయించి తెచ్చాం. ఇంజిను, గేర్‌బాక్సు పాత జిప్సీవి, స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాల్ని తిప్పే భాగం) మారుతి 800ది. స్టీరింగ్ కాలమ్, అందులో షాఫ్ట్‌ని పట్టి తిరగనిచ్చే రెండు బుష్‌లు మాత్రం ఇంగ్లండు కిట్ కార్ల (విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకునేవి) సామాను. ఇంగ్లండులో ఉన్న మా బావ వస్తూ తెచ్చాడు.

కింది బుష్ కూర్చునే గొట్టం ఫైర్‌వాల్‌కి (ఇంజినుకీ సీట్లకీ మధ్య అడ్డుగోడ) వెల్డింగ్ అయి ఉంది. పైది డ్యాష్‌బోర్డు కింద బ్రాకెట్‌లో ఉంటుంది, ఆ బ్రాకెట్ రెండు బోల్టుల మీద నిలబడుతుంది. బుష్‌లు నల్లటి ప్లాస్టిక్. ఒక్కో దానికి రెండు చిన్న మొటికలున్నాయి, అవి గొట్టానికి ఉన్న కన్నాల్లో టక్కున కూర్చోవాలి.

పై బుష్‌ని సబ్బునీళ్లు రాసి, చెక్కముక్క అడ్డం పెట్టి కొడితే దిగింది. దిగాక అందులో షాఫ్ట్ పట్టడం లేదు. కింది బుష్ సగం కూడా లోపలికి పోలేదు. విచిత్రం ఏంటంటే అదే బుష్‌ని బయట చేత్తో పట్టుకుని షాఫ్ట్‌కి తొడిగితే హాయిగా తిరుగుతోంది. బుష్‌లతో వచ్చిన కాగితంలో "బిగువుగానే ఉంటుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. బుష్ బోరుని ఎమరీ పేపరుతో కాస్త పెద్దది చేయమంటారా? అసలు ఎంత బిగువు ఉండాలి?

---

సిరోంచ_రైడర్ (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నా, ఎక్కువ ఆలోచన చెయ్యకు. గ్రీజు పూసి గట్టిగ కొట్టు, దిగుతది. నడుస్తుంటే నడుస్తుంటే అదే సెట్ అయితది. మా మోటార్ సైకిల్ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చెయ్యి) బుష్‌లు గట్లనే ఎక్కించిన, మంచిగనే ఉన్నయి.

---

జయపురం_జీపు (జయపురం, కోరాపుట్ జిల్లా)

తమ్ముడూ, ముందు ఆ సుత్తి పక్కన పెట్టు. బుష్‌ని కొట్టడం ఒక ఎత్తు, షాఫ్ట్ చివర కొట్టడం ఇంకో ఎత్తు. ఇప్పటి కాలమ్ షాఫ్ట్‌లు చాలావరకు ఒకదాంట్లో ఒకటి జారే రెండు ముక్కలు. ముందు నుంచి గుద్దుకుంటే షాఫ్ట్ ముడుచుకోవాలి గానీ డ్రైవరు గుండెల్లోకి రాకూడదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు 1967 మోడల్ కార్లకు ఇలాంటి కాలమ్‌లు పెట్టారు. ఆ రెండు ముక్కల్నీ పట్టి ఉంచేవి చాలా వాటిలో సన్నటి ప్లాస్టిక్ పిన్నులే. షాఫ్ట్ చివర నాలుగు దెబ్బలు పడితే లోపల అవి తెగిపోతాయి, బయటికి ఏమీ కనపడదు. నీ షాఫ్ట్ ఏ రకమో చూసుకో. ఏ రకమైనా దాని మీద సుత్తి వద్దు.

సిరోంచ తమ్ముడికి కూడా ఒక మాట. స్వింగ్ ఆర్మ్ కాస్త బిగువుగా ఉంటే సస్పెన్షన్ కాస్త గట్టిగా ఉంటుంది, అంతే. స్టీరింగ్ అలా కాదు. మలుపు తిరిగాక నువ్వు చెయ్యి వదులు చేస్తే చక్రాలు వాటంతట అవే నేరుగా రావాలి. ఆ తిరిగొచ్చే బలం కింద చక్రాల దగ్గర క్యాస్టర్ కోణం (చక్రం ఏ గీత చుట్టూ మలుపు తిరుగుతుందో ఆ గీత వెనక్కి వాలిన కోణం) నుంచి వస్తుంది. ఆ బలం కాలమ్ బుష్‌ల బిగువుని కూడా దాటుకుని పైకి రావాలి. సెవెన్ తరహా బండి ముందు చక్రాల మీద బరువే తక్కువ, కాబట్టి ఆ బలమూ తక్కువే. కాలమ్ పట్టేస్తే బండి వంపులోనే ఉండిపోతుంది. కోరాపుట్ ఘాట్‌లో దిగేటప్పుడు ఆలోచించుకో.

---

సునాబేడా_టర్నర్ (సునాబేడా, కోరాపుట్ జిల్లా)

జయపురం వారు చెప్పింది అక్షరాలా నిజం. బాబూ గుణుపురం, నువ్వడిగిన ప్రశ్నలోనే సగం జవాబుంది. బుష్ బయట ఉన్నప్పుడు షాఫ్ట్ తిరుగుతోంది, గొట్టంలో కూర్చోగానే పట్టడం లేదు. అంటే తప్పు బోరులో లేదు, బుష్‌ని చుట్టూ ఏదో నొక్కేస్తోంది. ప్లాస్టిక్ బుష్‌ని బయటి నుంచి ఎంత నొక్కితే దాని బోరు దాదాపు అంతా మూసుకుంటుంది. ఉక్కు గొట్టం సాగదు గదా, ఆ నొక్కుడంతా లోపలికే పోతుంది.

బోరు రాసేస్తే ఇవాళ షాఫ్ట్ దిగుతుంది. రేపు ఇంకెవరైనా కొత్త బుష్ వేస్తే మళ్లీ ఇదే కథ. అందుకని ముందు కొలతలు పెట్టు. గొట్టం లోపలి వ్యాసం రెండు దిక్కుల్లో కొలువు, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. పెయింటు ఉన్న చోటా, లేని చోటా విడివిడిగా. బుష్ బయటి వ్యాసం, బోరు, షాఫ్ట్ వ్యాసం. షాఫ్ట్‌ని బుష్ కూర్చునే చోటే కొలవాలి, వేరే చోట కాదు. వెర్నియర్‌తో లోపలి కొలత తీసేటప్పుడు దవడలు కొద్దిగా వాలినా తక్కువ చూపిస్తుంది, రెండు మూడు సార్లు చూసి ఎక్కువ వచ్చినది రాసుకో.

గొట్టం ఏ రకం పైపు? సీమ్‌లెస్సా (అతుకు లేనిది), ఈఆర్‌డబ్ల్యూనా (అతుకు ఉన్నది)?

---

గుణుపురం_గ్యారేజి

మాస్టారూ, కొలిచాను. షాఫ్ట్ 18.98. బుష్ బయట ఉన్నప్పుడు బోరు 19.15, బయటి వ్యాసం 35.0. గొట్టం అంచు దగ్గర పెయింటు మీద 34.7. లోపల చెయ్యి పోయేంత లోతులో పెయింటు పడని చోట 34.9. అన్నీ మిల్లీమీటర్లే. పైపు ఈఆర్‌డబ్ల్యూ, ఇక్కడ దొరికింది అదే. లోపల వేలు పెట్టి తిప్పితే ఒక పక్క నిలువునా సన్నటి గట్టులా తగులుతోంది.

---

సునాబేడా_టర్నర్

లెక్క నీ ముందే ఉంది చూడు. పెయింటు మీద కూర్చుంటే బుష్ 0.3 మి.మీ. నొక్కుకుంటుంది. బోరు 19.15 నుంచి 18.85 దరిదాపుల్లోకి వస్తుంది. నీ షాఫ్ట్ 18.98. ఎలా దూరుతుంది? అదే పెయింటు లేని గొట్టమైతే నొక్కుడు 0.1 మాత్రమే, బోరు 19.05 మిగులుతుంది, షాఫ్ట్ దిగుతుంది. బుష్ చేసినవాళ్లు ఉద్దేశించిన బిగువు ఇదే అయ్యుంటుంది.

ఆ గట్టు ఈఆర్‌డబ్ల్యూ పైపుకి సహజం. పట్టీని గొట్టంగా మడిచి అంచులు అతికిస్తారు, బయటి అతుకు గీసేస్తారు గానీ లోపలిది చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. ఆ ఒక్క గట్టు బుష్‌ని ఒక పక్క నుంచి నొక్కితే బోరు గుండ్రంగా ఉండదు. అర్ధచంద్రాకారపు ఆకురాయితో బుష్ కూర్చునే పొడవంతా ఆ గట్టుని సాపు చెయ్యి. చుట్టుపక్కల లోహం తినకుండా గట్టు మీదే ఆడించాలి. అంచుకి లోపలి వైపు చిన్న చాంఫర్ (వాలు) కొట్టు, మొటికల కన్నాలకు లోపలి వైపు డ్రిల్లు బర్రు (పొడుచుకొచ్చిన లోహపు అంచు) ఉంటే తీసెయ్యి. కన్నాల బర్రు చాలామంది మర్చిపోతారు, బుష్ తోసేటప్పుడు అదే ప్లాస్టిక్‌ని చెక్కేస్తుంది.

---

పర్లాకిమిడి_పెయింటు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

పౌడర్ కోటింగ్ గురించి నేను చెప్తాను. మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్ల మందం పడుతుంది, మూలల్లో ఇంకాస్త ఎక్కువ. గొట్టం లోపల అటూ ఇటూ కలిపితే 0.12 నుంచి 0.2 మి.మీ. పోయినట్టే. మాస్టారి లెక్కకి సరిగ్గా సరిపోయింది. కోటింగ్‌కి పంపే ముందే బుష్ గొట్టాలకి, మరలున్న చోట్లకి సిలికాన్ రబ్బరు బిరడాలు పెట్టమని గట్టిగా చెప్పాలి. మామూలు టేపు ఓవెన్ వేడికి నిలవదు.

ఇప్పుడు తియ్యడానికి థిన్నరుతో కుస్తీ పడొద్దు, కాల్చిన పౌడరు దానికి లొంగదు. ఒక గుండ్రటి కడ్డీ చివర నిలువునా చీలిక కోసి, అందులో 80 నంబరు ఎమరీ గుడ్డ పట్టీ దూర్చి, కడ్డీ చుట్టూ చుట్టి డ్రిల్లు మిషనుకి తగిలించు. నెమ్మదిగా తిప్పుతూ ముందుకీ వెనక్కీ ఆడిస్తే పెయింటు పొడిలా రాలుతుంది. మాస్క్ పెట్టుకో. బుష్ పొడవు మేరకే తియ్యి, అంతకు మించి లోపలికి పోకు. తీశాక బోడి ఇనుము మన వానలకి రెండు రోజుల్లో ఎర్రబడుతుంది, అదే రోజు పల్చగా నూనె తుడిచి ఉంచు.

---

బరంపురం_మెకానికల్ (బరంపురం, గంజాం జిల్లా)

నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను, మా జట్టు పీఠంపూర్‌లో జరిగే బాజా పోటీకి (విద్యార్థులు తామే కట్టిన బళ్ల పోటీ) బగ్గీ కడుతోంది. మాకూ స్టీరింగ్ బుష్‌లు ఇలాగే పట్టేస్తున్నాయి, అందుకే ఈ చర్చ మొత్తం జాగ్రత్తగా చదువుతున్నాను. ఒక సందేహం. గొట్టానికి ఎమరీ వాడొచ్చన్నారు, మరి బుష్ బోరుకి ఎందుకు వద్దు? ప్లాస్టిక్ ఇంకా సులువుగా అరుగుతుంది కదా?

---

సునాబేడా_టర్నర్

మంచి ప్రశ్న. ఎమరీ రవ్వలు మెత్తటి దాంట్లో గుచ్చుకుని ఉండిపోతాయి. నువ్వు ఎంత కడిగినా కొన్ని మిగులుతాయి. తర్వాత షాఫ్ట్ తిరుగుతుంటే ఆ రవ్వలు ప్లాస్టిక్‌ని కాదు, షాఫ్ట్‌ని తింటాయి. ల్యాపింగ్ (రవ్వతో ఉక్కుని నునుపు చేయడం) పని చేసేది ఈ సూత్రం మీదే, మెత్తటి ల్యాప్‌లో రవ్వ కూర్చుని గట్టి ఉక్కుని కోస్తుంది. బుష్ మెత్తన, షాఫ్ట్ గట్టి, అయినా అరిగేది షాఫ్టే. ఆరు నెలలకు షాఫ్ట్ మీద ఉంగరంలా గాడి కనిపిస్తుంది.

బోరు పెద్దది చేయాల్సి వస్తే అడ్జస్టబుల్ హ్యాండ్ రీమర్ (చేత్తో తిప్పి రంధ్రాన్ని కొంచెం కొంచెం పెంచే పనిముట్టు) వాడండి, లేదా లేత్ మీద పదునైన టూలుతో తియ్యండి. టూలు మొద్దుగా ఉంటే నైలాన్ కోసుకోదు, పక్కకి ఒదిగి మళ్లీ లేచి వస్తుంది. రీమర్ తీశాక కొలిస్తే బోరు రీమర్ కన్నా చిన్నగా ఉండేది అందుకే. కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ షాఫ్ట్ పెట్టి చూస్తూ పోవాలి. బుష్‌ని గొట్టంలో కూర్చోబెట్టాకే రీమ్ చేయాలి, ముందు కాదు.

ఎంత ఆట (షాఫ్ట్‌కీ బోరుకీ మధ్య ఖాళీ) ఉండాలని గుణుపురం అడిగాడు. ఇత్తడి, గన్‌మెటల్ బుష్‌ల లెక్క ప్లాస్టిక్‌కి పనికిరాదు. 19 మి.మీ. షాఫ్ట్‌కి 0.1 వరకు ఆట ఇస్తాను నేను. కింది పక్క వేడి తగిలే చోటైతే ఇంకొంచెం.

---

రాయగడ_ఇంజినీరమ్మ (రాయగడ)

ప్లాస్టిక్ అని ఒక్క మాటలో తేల్చకండి. ఏ ప్లాస్టిక్ అన్నది ఇక్కడ చాలా ముఖ్యం, ముఖ్యంగా మన వైపు.

నైలాన్ 6 నీళ్లు తాగుతుంది. బాగా నానితే బరువులో 9 శాతం పైన, మామూలు గాలిలో ఉన్నా దాదాపు 3 శాతం. ఆ 3 శాతానికే కొలతలు 0.6, 0.7 శాతం పెరుగుతాయి. 35 మి.మీ. బుష్‌కి అది పావు మిల్లీమీటరు! ఇది ఒక్క రోజులో జరిగేది కాదు, మందపాటి ముక్కకి వారాలు పడుతుంది. అందుకే ఏప్రిల్‌లో హాయిగా తిరిగిన నైలాన్ బుష్ ఆగస్టులో పట్టేస్తుంది, ఎవరూ ఏమీ చేయలేదే అని మనం తలపట్టుకుంటాం. అసిటాల్ అనే ఇంకో ప్లాస్టిక్ ఉంది, డెల్రిన్ అనే పేరుతో దొరుకుతుంది. అది బాగా నానినా ఒక శాతం లోపే తాగుతుంది. కొత్తగా బుష్‌లు చేయించుకునే వాళ్లు డెల్రిన్ కడ్డీ అడగండి.

రెండోది వేడి. ఉక్కు డిగ్రీకి మీటరుకి 12 మైక్రాన్లు పెరిగితే, నైలాన్ 80 నుంచి 100, డెల్రిన్ 110 దాకా పెరుగుతుంది. విడిగా ఉన్న బుష్ వేడెక్కితే బోరు కూడా పెద్దదవుతుంది, ఇబ్బంది లేదు. ఉక్కు గొట్టంలో ఇరుక్కున్న బుష్ వేడెక్కితే బయటికి పెరగడానికి చోటు లేదు, కొంత పక్కలకు, మిగతాది బోరులోకి పెరుగుతుంది. గుణుపురం వారి బుష్ గోడ మందం 8 మి.మీ. ఇంత మందమున్న గోడకి 40 డిగ్రీల వేడి పెరిగితే బోరు 0.1 మి.మీ. పైనే మూసుకునే అవకాశం ఉంది. సెవెన్ తరహా బండిలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఫైర్‌వాల్ ముందే ఉంటుంది, కింది బుష్ దానికి దగ్గర. ఉదయం చల్లగా ఉన్నప్పుడు సరిపోయింది కదా అని వదిలేయకండి. ఇంజిను వేడెక్కి ఒక అరగంట నడిచాక మళ్లీ తిప్పి చూడాలి.

---

బల్లార్షా_మెయింటెనెన్స్ (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. నేను పేపర్ మిల్లుల మెయింటెనెన్స్ పని చేస్త. మా దిక్కు మే నెలల 45 దాటుడు మామూలే, దాని మీద ఆవిరి వేడి. ప్లాస్టిక్ బుష్‌లు ఇరుక్కపోవుడు మాకు కొత్త కాదు. మేం ఏం చేస్తమంటే బుష్‌కు ఒక దిక్కు పొడుగున సన్నగ చీలిక కోస్తం, అడ్డంగ వాలుగ. గోడ పెరిగితే ఆ చీలికలకు పోతది, బోరు ముయ్యది. చీలిక నేరుగ కొయ్యకు, షాఫ్ట్ అంచు దాంట్ల తగులుతది. వాలుగ కోస్తే షాఫ్ట్‌కు ఎప్పుడూ సరైన ఆసరా ఉంటది. బరువు పడే దిక్కు చీలిక పెట్టొద్దు. కాలమ్‌ల బరువు కిందికి పడతది గాబట్టి చీలిక పైకి పెట్టు.

ఎక్కించుడు గురించి. బుష్‌ను ప్లాస్టిక్ సంచిల కట్టి రాత్రంత ఫ్రీజర్‌ల పెట్టు. 32 డిగ్రీల నుంచి మైనస్ 18కి పోతే 35 మి.మీ. బుష్ దగ్గర దగ్గర 0.15 మి.మీ. చిన్నగయితది. తీసినంక దబదబ ఎక్కించాలె, రెండు నిమిషాలు చేతుల పట్టుకుంటే మళ్ల మొదటికే వస్తది. సుత్తి లేకుంట 10 మి.మీ. మర కడ్డీ గొట్టంలకెల్లి దూర్చి, రెండు దిక్కుల మందపు వాషర్లు, నట్లు పెట్టి తిప్పు. నేరుగ, నిమ్మళంగ లోపటికి పోతది. మొటికలు కన్నాల సూటిల ఉన్నయా అని ముందే మార్కర్‌తోని గీత పెట్టుకో.

గ్రీజు సంగతి. నీ బుష్‌కు బయట రబ్బరు పొర ఉంటే పెట్రోలియం గ్రీజు పెట్టకు, సహజ రబ్బరు ఉబ్బుతది. సిలికాన్ గ్రీజు పెట్టు. అది దొరకకపోతే ఆముదం. పాతకాలం బ్రేక్ ఆయిల్ ఆముదంతోనే చేసేటోళ్లు, ఎందుకంటే రబ్బరును అది ఏం చెయ్యది.

---

సిరోంచ_రైడర్

ఇంత ఉందని నాకు తెల్వదు. ఒకటి అడుగుత. బుష్ నైలానా, డెల్రినా, ఇంకేదన్ననా, చూసి ఎట్ల గుర్తు పట్టాలె?

---

రాయగడ_ఇంజినీరమ్మ

కంటితో చెప్పలేం తమ్ముడూ, నల్ల రంగు కలిపితే అన్నీ ఒకటే. చిన్న ముక్క నీళ్లలో వేసి చూడు. తేలితే పాలిథిలీన్ జాతి, సాంద్రత 0.94 దగ్గర. మునిగితే నైలాన్ కావచ్చు, డెల్రిన్ కావచ్చు. ఆ రెంటినీ విడదీయాలంటే ముక్కని బరువు తూచి నీళ్ల బరువుతో పోల్చాలి. నైలాన్ 1.14, డెల్రిన్ 1.41, తేడా బాగానే తెలుస్తుంది. కాల్చి వాసన చూడమని కొందరంటారు, ఆ పని చేయొద్దు. డెల్రిన్ కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది, అది విషం.

---

గుణుపురం_గ్యారేజి

అందరికీ చాలా చాలా థాంక్స్. పెయింటు తీశాను, గట్టు సాపు చేశాను, కన్నాల బర్రు తీశాను. గొట్టం ఇప్పుడు ఎటు కొలిచినా 34.9 వస్తోంది. బల్లార్షా అన్న చెప్పినట్టు ఫ్రీజర్‌లో పెట్టి మర కడ్డీతో లాగితే రెండు బుష్‌లూ దిగాయి. మొటికలు టక్‌మని కన్నాల్లో కూర్చున్నప్పుడు ఆ శబ్దం వినడానికి ఎంత బావుందో చెప్పలేను! పై బుష్‌లో ఒక్కదాంట్లో పెడితే షాఫ్ట్ వేలితో తిరుగుతోంది. కింది దాంట్లో ఒక్కదాంట్లో పెట్టినా తిరుగుతోంది.

రెండింట్లోంచి ఒకేసారి దూరిస్తే మాత్రం పట్టేస్తోంది. చుట్టు మొత్తం ఒకే బిగువు. ఇదేంటి?

---

జయపురం_జీపు

ఇప్పుడు అసలు జబ్బు బయటపడింది. విడివిడిగా తిరిగి, కలిపితే పట్టిందంటే రెండు గొట్టాలూ ఒకే గీతలో లేవు. ఫైర్‌వాల్ గొట్టం వెల్డింగ్ వేడికి లాగేసుంటుంది, వెల్డింగ్ ఎటు పడితే అటే లాగుతుంది.

స్టీరింగ్ బిగువుని చేత్తోనే చదవొచ్చు తమ్ముడూ. చుట్టు మొత్తం ఒకేలా ఉంటే గీత తప్పడం గానీ బుష్ గానీ. చుట్టులో ఒకే చోట పట్టి వదిలేస్తుంటే షాఫ్ట్ వంపు చూడాలి. చుట్టుకి రెండు చోట్ల, ఎదురెదురుగా పట్టి వదిలేస్తే షాఫ్ట్‌ని కోణంలో కలిపే క్రాస్ జాయింట్ దగ్గరికి పో. ర్యాక్ తగిలించాక మాత్రమే బిగువు వస్తే కాలమ్‌ని తప్పు పట్టకు. అందుకే నేను ఎప్పుడూ ఒక్కో ముక్క విప్పుకుంటూ వస్తాను, ముందు ర్యాక్ వదిలించి, తర్వాత కింది జాయింట్ వదిలించి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. పై బుష్ తీసెయ్యి, కింది బుష్ ఒక్కటే ఉంచి షాఫ్ట్ దూర్చు. పై బ్రాకెట్ గొట్టంలో షాఫ్ట్ ఎక్కడ నిలబడిందో నాలుగు పక్కలా సందు కొలువు. షాఫ్ట్‌ని చేత్తో నెట్టకు, దాని ఇష్టానికి వదిలెయ్యి. బరువుకి కాస్త కిందికి వాలుతుంది, అందుకని పైన, కింద సందుల్ని పట్టించుకోకు. ఎడమ కుడి సందులు మాత్రం నిజం చెప్తాయి.

---

గుణుపురం_గ్యారేజి

ఎడమ పక్క 5, కుడి పక్క దాదాపు 11.

---

సునాబేడా_టర్నర్

అంటే 3 మి.మీ. ఎడమకి పోయింది. ఎంత తప్పితే పట్టేస్తుందో లెక్క కట్టొచ్చు. నీ బుష్ పొడవు 25 అనుకుందాం, ఆట 0.1. అంటే షాఫ్ట్ ఆ బుష్‌లో 250కి 1 చొప్పున వాలగలదు. రెండు బుష్‌ల మధ్య 600 మి.మీ. దూరముంటే పైన 2.4 మి.మీ. వరకు పక్కకి జరిగినా నెట్టుకొస్తుంది, అది దాటితే షాఫ్ట్ బుష్ రెండు అంచుల్నీ పట్టుకుంటుంది. నీది 3. ఇక్కడే ఉంది కిటుకు. చాలామంది ఈ దశలో బోరుని ఇంకా రాసి ఆట పెంచుతారు. షాఫ్ట్ తిరుగుతుంది, నిజమే. కానీ బుష్ అంచుల మీద మాత్రమే మోస్తుంది కాబట్టి తొందరగా అరిగి గిలకలాడుతుంది. గీత సరిచేయడమే మందు.

ఫైర్‌వాల్ గొట్టాన్ని వేడిచేసి వంచొద్దు. పై బ్రాకెట్ బోల్టుల మీద ఉంది గదా, దాని కన్నాలు రెండూ అడ్డంగా ఆకురాయితో సాగదియ్యి, బ్రాకెట్‌ని 3 మి.మీ. ఎడమకి జరుపు. పై బుష్ వేసి, బోల్టులు వేలి బిగువులో ఉంచి, షాఫ్ట్‌ని తిప్పుతూ తిప్పుతూ బిగించు. బిగువు పెరిగిన వెంటనే ఆగి బ్రాకెట్‌ని అటూ ఇటూ తట్టు. ఎత్తు తేడా ఉంటే బ్రాకెట్ కింద రేకు షిమ్ములు (పల్చటి ముక్కలు) పెట్టు. కుదిరాక మందపు వాషర్లు వేసి బిగించి, బ్రాకెట్‌కీ ఫ్రేముకీ కలిపి ఒక 6 మి.మీ. కన్నం వేసి పిన్ను కొట్టు. సాగదీసిన కన్నం జారకుండా పిన్ను ఆపుతుంది. స్టీరింగ్‌ని మోసే బోల్టు రాపిడి బలం మీద మాత్రమే నిలబడకూడదు.

---

బరంపురం_మెకానికల్

మా బగ్గీలో మాత్రం పైది వెల్డింగ్, కింది బ్రాకెట్ బోల్టులు. ఇదే పద్ధతి తలకిందులుగా చేసి చూస్తాం. చిన్న పక్క మాట. ఇంగ్లండులో ఈ కిట్ కార్లు ఎందుకు పుట్టాయో చదివితే ఆశ్చర్యమేసింది. లోటస్ సెవెన్ 1957లో వచ్చింది. తయారైన కారు మీద అప్పట్లో అక్కడ కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. అలా మామూలు జనం గ్యారేజీల్లో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం అలవాటైంది. 1973లో ఆ డిజైన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్లకు వెళ్లాయి, ఇప్పటికీ అమ్ముతున్నారు.

---

సిరోంచ_రైడర్

మంచి ముచ్చట. మన దిక్కు ఈ బండిని రోడ్డు మీదికి ఎట్ల తెస్తవన్నా? ఆర్టీవో ఒప్పుకుంటడా?

---

పర్లాకిమిడి_పెయింటు

దీనికి నేరుగా చెప్పాలి, ఎవరూ ఆశపడి డబ్బు పోగొట్టుకోకూడదు. కొత్తగా కట్టిన బండికి రిజిస్ట్రేషన్ కావాలంటే కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126 కింద నమూనా పరీక్ష జరగాలి, పుణేలోని ఏఆర్ఏఐ (వాహనాల పరీక్షా సంస్థ) లాంటి చోట్ల. అది కంపెనీల స్థాయి ఖర్చు. పాత జిప్సీ ఆర్సీ మీద ఈ బాడీ నడిపిద్దామంటే చట్టంలో సెక్షన్ 52 అడ్డం. తయారీదారు ఇచ్చిన రూపం మారేలా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సొంత స్థలం, ట్రాక్ వరకే అనుకుని కట్టుకోవాలి.

---

గుణుపురం_గ్యారేజి

అవును, నాది ట్రాక్ కోసమే, రోడ్డు మీదికి తీసే ఉద్దేశం లేదు.

ఇక శుభవార్త. బ్రాకెట్ జరిపి, పిన్ను కొట్టాను. రెండు బుష్‌ల్లోనూ షాఫ్ట్ చిటికెన వేలితో తిరుగుతోంది! పైకీ కిందికీ పట్టి ఊపితే గిలక లేదు. రీమర్ అవసరమే పడలేదు, ఆముదం రెండు చుక్కలు వేశానంతే. ఇంజిను నడిపి, వేడెక్కాక కూడా చూశాను. కింది బుష్ కొంచెం బిగిసింది గానీ పట్టలేదు. బల్లార్షా అన్న చెప్పిన చీలిక కోయమంటారా?

---

బల్లార్షా_మెయింటెనెన్స్

సంతోషం తమ్మీ! ర్యాక్ వదిలించి ఉంచి, స్టీరింగ్ చక్రం అంచుకు పక్కన పావుకిలో బాటు కట్టు. దాని బరువుకు చక్రం అదే తిరిగి కిందికి రావాలె. మా దగ్గర చేతి చక్రాలకు గదే పరీక్ష. ఇంజిను వేడి మీద గూడ అట్లనే తిరిగితే చీలిక ఇప్పుడే వద్దు. వానకాలం మధ్యల ఒకసారి మళ్ల బాటు కట్టి చూడు. నైలాన్ అయితే అప్పుడు తెలుస్తది. అప్పుడు ఆగితే చీలిక కొయ్యి.

---

గుణుపురం_గ్యారేజి

కట్టి చూశాను. చల్లగా ఉన్నప్పుడు, వేడి మీద, రెండుసార్లూ దిగింది. ఇక కింద జాయింట్లు తగిలించాలి. షాఫ్ట్ నుంచి ర్యాక్ దాకా రెండు క్రాస్ జాయింట్లు వస్తున్నాయి. వాటికి మధ్యలో ఇంకో బుష్ ఆసరా కావాలా?

---

జయపురం_జీపు

రెండే జాయింట్లయితే వద్దు. మధ్య షాఫ్ట్ రెండు జాయింట్ల మధ్య తనే నిలబడుతుంది, ఆసరా పెడితే మళ్లీ గీత తప్పే బెడద. మూడు జాయింట్లుంటే మాత్రం ఆసరా తప్పనిసరి, లేకపోతే షాఫ్ట్ ఎటు పడితే అటు ఊగుతుంది. మధ్య షాఫ్ట్ రెండు చివర్ల కొమ్ములూ (జాయింట్ క్రాస్‌ని పట్టే చీలికలు) ఒకే దిక్కుకి ఉండాలి. రెండు జాయింట్ల కోణాలు వీలైనంత సమానంగా పెట్టు, ఏదీ 30 డిగ్రీలు దాటకుండా చూసుకో. అప్పుడే ఒక జాయింట్ చేసే తేడాని రెండోది సరిచేస్తుంది.

పించ్ బోల్టు (జాయింట్‌ని షాఫ్ట్‌కి బిగించేది) షాఫ్ట్ మీద కోసిన గాడిలోంచి వెళ్లాలి, పక్కనుంచి కాదు. బోల్టు దూర్చాక షాఫ్ట్‌ని లాగి చూడు, అస్సలు రాకూడదు. కనీసం 8.8 బలం గ్రేడు బోల్టు, కొత్త నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ ఉంగరం ఉండేది). పాత నైలాక్ నట్టు మళ్లీ వాడకు. బిగించాక ప్రతి నట్టు మీద పసుపు పెయింటు గీత పెట్టు, కదిలితే చూడగానే తెలిసిపోతుంది. ర్యాక్ తగిలించి రెండు చక్రాలూ గాల్లో లేపి, ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పు. బ్రేకు పైపు గానీ వైరు గానీ జాయింట్‌కి తగులుతుందేమో ఒక మనిషి కింద పడుకుని చూడాలి. ఫోటో పెట్టు తమ్ముడూ, కోణాలు నేనూ చూస్తాను.